ఆనలా

చీకటి గదిలోకి అడుగుపెట్టగానే శాలేము రాజు నల్లటి తెరను నేల దాకా దించుతాడు. స్టూలు మీద కూర్చుంటాడు. రెండు అరచేతులూ కళ్ళ మీద పెట్టుకుని కదలకుండా ఉంటాడు. వెలుతురులోంచి వచ్చిన కన్ను చీకటికి అలవాటు పడాలి. అంతవరకూ లైటు వేయకూడదు, పీసు ముట్టుకోకూడదు. కొత్తగా చేరినవాళ్ళు ఆయన ప్రార్థన చేస్తున్నాడనుకుంటారు. ప్రార్థన కాదు. ఎదురుచూడటం, అంతే.

కుప్పం అవతల పారిశ్రామికవాడలో అదొక చిన్న ఫ్యాక్టరీ. ప్రయాణికుల విమానాలకు కావలసిన చిన్న చిన్న భాగాలు అక్కడ తయారవుతాయి. ఎక్కువగా తలుపు కీలు దగ్గర బిగించే అల్యూమినియం బ్రాకెట్లు. అరచేతిలో పట్టేంత ఉంటాయి. అవి బెంగళూరుకు పోతాయి, అక్కడి నుంచి ఇంకెక్కడికో పోతాయి. అక్కడ పనిచేసేవాళ్ళలో విమానం ఎక్కినవాళ్ళు తక్కువ. శాలేము రాజు ఎక్కలేదు. మధ్యాహ్నం పూట ఎప్పుడైనా పైన ఒకటి పోతుంటే తల ఎత్తి చూస్తాడు. ఇంత దూరం నుంచి దాని తలుపు కూడా కనపడదు.

పగులు అనేది మామూలు కంటికి దొరకదు. అందుకని పీసును రంగు నూనెలో ముంచుతారు. నూనె పగుల్లోకి దిగుతుంది. పైపైన నీళ్ళతో కడిగేస్తారు. ఆరబెట్టి తెల్ల పొడి చల్లుతారు. లోపల దాక్కున్న నూనెను ఆ పొడి పైకి పీలుస్తుంది. చీకట్లో ఊదా లైటు కింద పెడితే పగులున్న చోట పసుపుపచ్చని గీత వెలుగుతుంది. గీత లేకపోతే పీసు మంచిది. శాలేము రాజు పని ఆ గీత కోసం చూడటం. చాలా రోజులు ఏమీ కనపడదు. ఏమీ కనపడకపోవడమే ఆ పనిలో మంచి వార్త.

ఊదా లైటు కింద తెల్లచొక్కా మండినట్టు కనపడుతుంది. అందుకే నల్లకోటు వేసుకుంటాడు. కోటుకు అంటుకున్న నూలుపోగు కూడా వెలుగుతుంది. నవ్వితే పళ్ళు వెలుగుతాయి. లోపల ఒక్కడే కాబట్టి ఎవరి పళ్ళూ వెలగవు.

చీకటి ఆయనకు కొత్త కాదు. అంతకుముందు మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రిలో ఎక్స్‌రే ఫిల్ములు కడిగేవాడు. చిన్న ఎర్ర బల్బు, మూడు తొట్లు, తీగ మీద నీళ్ళు కారుతూ వేలాడే పక్కటెముకలు. భార్య మార్తమ్మ అదే ఆసుపత్రిలో బట్టలుతికే విభాగంలో ఉండేది. మధ్యాహ్నం అన్నం వేళకు వచ్చి డార్కురూము తలుపు తట్టేది. తలుపు తీయకూడదని ఆమెకు తెలుసు. బయటి నుంచే అడిగేది.

"ఏమయ్యా, ఈపొద్దు ఎవురి ఎముకలు ఉతుకుతాండావు?"

"ఆసుపత్రి పెద్దదొరవి."

"బాగా పిండు. ఆయన దుప్పట్లు నేనూ అట్లనే పిండతాండా."

ఇద్దరూ తలుపుకు అటొకరూ ఇటొకరూ నిలబడి నవ్వుకునేవాళ్ళు. పిల్లలు లేరు. ఆమె అదే ఆసుపత్రిలో పోయింది. ఆ తరువాత కంప్యూటర్ ఎక్స్‌రే వచ్చింది, ఫిల్ములు పోయాయి. డార్కురూముకు సున్నం కొట్టి, గోడకు కిటికీ పెట్టి, అందులో పాత మంచాలు వేశారు. శాలేము రాజు లోహాల్లో పగుళ్ళు వెతికే చదువు బెంగళూరులో నేర్చుకుని, పరీక్ష రాసి, సర్టిఫికేట్ తెచ్చుకున్నాడు. యాభై దాటిన మనిషి కుర్రవాళ్ళ మధ్య బెంచీ మీద కూర్చుని చదివాడు. కుప్పంలో ఉద్యోగం దొరికింది. ఒక గది అద్దెకు తీసుకున్నాడు.

తెరకు అవతల గంగులప్ప ఉండేవాడు. పీసులు ముంచటం, కడగటం, ఆరబెట్టటం, పొడి చల్లటం ఆయన పని. గుడుపల్లె దగ్గర పల్లె. కంపెనీ మనిషి కాదు, కాంట్రాక్టరు పంపిన మనిషి. ఇంట్లో తెలుగు, అత్తగారింట్లో తమిళం, సంతలో కన్నడం మాట్లాడే మనిషి కావటంతో ఫ్యాక్టరీలో మూడూ కలిపేవాడు. నోరు ఊరుకునేది కాదు.

"రాజన్నా, బతికే ఉండావా?"

"ఉండాను."

"సరే. సచ్చిపోతే ముందే సెప్పు. ట్రే ఇంకెవురికన్నా ఇయ్యల్ల."

ఇంకొక రోజు అడిగేవాడు. "లోపల ఏం సినిమా ఆడతాండాదన్నా?"

"నల్లది."

"ఈరో ఎవురు?"

"నూలుపోగు."

తెర అవతల గంగులప్ప నవ్వు నీళ్ళ చప్పుడులో కలిసిపోయేది. శాలేము రాజు మళ్ళీ పీసు మీదికి వంగేవాడు. గదికి పోయాక మరుసటి రోజు దాకా ఆయనతో మాట్లాడే మనిషి లేడు. కిందింటివాళ్ళు మంచివాళ్ళు. నీళ్ళు వచ్చాయని చెబుతారు, నీళ్ళు పోయాయని చెబుతారు.

ఆ గదికి ఒక నియమం ఉంది. పీసును కదిలించే హక్కు చూసేవాడిది ఒక్కడిదే. మంచిదైతే పచ్చ ట్రేలో, అనుమానమైతే ఎర్ర ట్రేలో ఆయనే పెట్టాలి. నిండిన ట్రేను ఆయనే బయటికి తేవాలి. కానీ తెర ఎత్తినప్పుడల్లా ఫ్యాక్టరీ వెలుతురు లోపలికి పడుతుంది. కన్ను మళ్ళీ మొదటికి వస్తుంది. అందుకని గంగులప్ప తెర కిందనుంచి చెయ్యి పెట్టడం మొదలుపెట్టాడు. నిండిన ట్రే లాక్కుని ఖాళీది లోపలికి తోసేవాడు. మొదట్లో శాలేము రాజు వద్దన్నాడు. తరువాత వద్దనలేదు. గంగులప్ప గోళ్ళ సందుల్లో రంగు నూనె ఎంత కడిగినా పోయేది కాదు. ఊదా లైటులో అది వెలిగేది. తెర కింద నుంచి ఐదు పసుపు చుక్కలు వచ్చేవి, పోయేవి.

ఆ శనివారం బయట లారీ నిలబడి ఉంది. ఆఖరి డబ్బా నిండితే బెంగళూరుకు బయలుదేరాలి. పొద్దుటి నుంచి లోపల బల్ల మీది మేకు సతాయిస్తోంది. పీసు రంధ్రాన్ని ఆ మేకు మీద కూర్చోబెట్టి తిప్పుతూ చూడాలి. మేకుకు ఎక్కడో బొడిపె లేచి పీసు సరిగా కూర్చోవటం లేదు. ఆకురాయి తేవాలా అని గంగులప్ప రెండుసార్లు అడిగి ఉన్నాడు.

సాయంత్రం ఒక బ్రాకెట్‌లో రంధ్రం పక్కన గీత వెలిగింది. వెంట్రుకంత కూడా లేదు. పగులు కావచ్చు. ఎక్కడో గీరుకున్న చోట నూనె నిలిచి ఉండవచ్చు. తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ఆ చోటు మందులో తడిపిన గుడ్డతో తుడిచి, మళ్ళీ పొడి చల్లి, కాసేపు ఆగాలి. పగులైతే లోపలి నూనె మళ్ళీ పైకి వస్తుంది. పైగీరైతే రాదు. శాలేము రాజు తుడిచాడు. పొడి చల్లాడు. పీసును బల్ల చివర, తెర దగ్గర పెట్టాడు.

"గంగులప్పా, దీన్లో ఏందో గీత మాదిరి ఉండాది. తిరిగి వస్తాదేమో సూడల్ల. ఆగు" అన్నాడు.

"ఆగతానన్నా. లారీవోడు ఆగల్ల కదా" అన్నాడు గంగులప్ప.

శాలేము రాజు ఇంకొక పీసు తీసి మేకు మీద పెట్టాడు. అది కూర్చోలేదు. తీసి, తిప్పి, మళ్ళీ పెట్టాడు. లోహం లోహానికి తగిలిన చప్పుడు. బయట లారీ హారన్ కొట్టింది.

"అన్నా, ఆనిందా?" అని గంగులప్ప కేక వేశాడు.

శాలేము రాజు చూపు మేకు మీద ఉంది. "ఆనలా" అన్నాడు.

ఐదు పసుపు చుక్కలు తెర కిందనుంచి వచ్చాయి. బల్ల చివరి పీసును తీసుకుని పోయాయి. శాలేము రాజు చూశాడు. అనుమానమున్న పీసును మళ్ళీ నూనెలో ముంచటం మామూలే. దానికే పట్టుకుపోయాడనుకున్నాడు. సోమవారం కొత్తగా వస్తుంది, అప్పుడు చూసుకోవచ్చు. ఇంతలో సైరన్ మోగింది. కోటు విప్పి కొక్కేనికి తగిలించి, పుంగనూరు వైపు పోయే బస్సు పట్టుకోవడానికి పరుగు తీశాడు.

శనివారం రాత్రి పుంగనూరులో చెల్లెలు రూతమ్మ ఇంట్లో పడుకుంటాడు. ఆదివారం పొద్దున మదనపల్లెకు పోయి చర్చిలో కూర్చుంటాడు, సమాధుల తోటలో మార్తమ్మ దగ్గర కాసేపు నిలబడతాడు, తిరిగి కుప్పం పోతాడు. వారం వారం ఇంతే.

ఆ రాత్రి రూతమ్మ మాత్రల అట్ట తెచ్చి ఆయన చేతికిచ్చింది.

"ఇది పొద్దున ఏసుకునేదో మాపటేళదో సూడన్నా. అచ్చరాలు ఆనలా."

"కంటికి శుక్లం ముదిరిందేమో సూపించుకోమంటే వినవు."

"సూపిస్తే కోస్తామంటారు. కోస్తే నాకు వండిపెట్టేదెవురు, నువ్వా? నువ్వు చీకట్లో వండతావు. ఉప్పేదో సున్నమేదో."

శాలేము రాజు నవ్వుతూ అట్టను లైటు దగ్గరికి తీసుకుపోయాడు. పేరు చదివాడు. తెరిచిన నోరు అట్లాగే ఉండిపోయింది.

అచ్చరాలు ఆనలా.

వాళ్ళ వైపు ఆ మాట రెండు పనులు చేస్తుంది. కంటికి కనపడితే ఆనింది అంటారు. ఒకటి ఇంకొకదాని మీద సరిగ్గా కుదిరి కూర్చుంటే దాన్నీ ఆనింది అంటారు. పుట్టినప్పటి నుంచీ రెండూ వాడుతున్న మాటే. ఏనాడూ తికమక పడలేదు. ఎదుట మనిషి కనపడుతుంటాడు, చెయ్యి ఎటు చూపిస్తున్నాడో కనపడుతుంటుంది. తెర ఉన్నచోట చెయ్యి కనపడదు.

గంగులప్ప అడిగింది గీత సంగతి. తను చెప్పింది మేకు సంగతి.

వాకిట్లోకి పోయి ఫోను చేశాడు.

"గంగులప్పా, ఆ పీసు యాడ పెట్టినావు?"

"ఏ పీసన్నా?"

"బల్ల చివర పెట్టింటినే. గీతది."

"యాడ పెడతాను, పచ్చ ట్రేలో పెడితి. గీత ఆనిందా అంటే ఆనలా అంటివి కదా. డబ్బాలో కూడా ఏసేసినారు. లారీ ఈపాటికి కోలారు దాటుంటాది."

శాలేము రాజు గోడకు చెయ్యి ఆనించుకుని నిలబడ్డాడు. తను ఏమనుకుని ఆ మాట అన్నాడో చెప్పాడు.

"అది పగులేనా అన్నా?"

"తెలీదు."

"తెలీదంటే కాకపోవచ్చు కూడా కదా. ఊరుకో."

"తెలీదు కాబట్టే ఊరుకోకూడదప్పా. తలుపుది అది. లోపల మనుషులుంటారు."

"సరే. సెప్పు. సెప్పద్దనే హక్కు నాకు లేదు." గంగులప్ప గొంతు తగ్గించాడు. "కానీ ఒకటి. నువ్వే పొరపాటున పచ్చ ట్రేలో పెట్టినానని సెప్పు. నీకు సర్టిఫికేట్ ఉండాది. నిన్ను కోప్పడతారు, ఇంకో పరీచ్ఛ రాయమంటారు, మళ్ళా కూర్చోబెడతారు. నా చెయ్యి తెర కింద దూరిందని తెలిస్తే నన్ను గేటు అవతల పెడతారు. మధ్యానం దాకా కూడా ఉంచరు. సెప్తావు కదా అట్ల?"

"సూస్తాను" అన్నాడు శాలేము రాజు.

"సూసేది నీ పనే కదా" అని గంగులప్ప ఫోను పెట్టేశాడు.

రూతమ్మ లోపలినుంచి మాత్ర పొద్దునదా మాపటేళదా అని మళ్ళీ అడిగింది. అట్ట చేతిలోనే ఉంది. చెప్పాడు.

మరుసటి పొద్దున మదనపల్లె చర్చిలో కూర్చున్నాడు. అందరూ లేచినప్పుడు లేచాడు. పాస్టరుగారు ఏం చెప్పాడో తలకెక్కలేదు. ఆ రోజు సమాధుల తోటకు పోలేదు. బెంగళూరు బస్టాండు దగ్గర, టమాటా లారీలు పోతున్న రోడ్డు పక్కన నిలబడి క్వాలిటీ మేనేజరు ప్రసన్నలక్ష్మికి ఫోను చేశాడు. ఆమె కుప్పం పిల్లే. వయసులో ఆయనకు సగం ఉంటుంది. పనిలో గట్టిది, మాటలో నెమ్మది.

"మేడమ్, నిన్న పోయిన డబ్బాలో ఒక పీసు తేలకుండానే పోయింది. పగులుండచ్చు. లేకపోనూవచ్చు. ఏ నంబరుదో నాకు తెలీదు."

ఆమె కేకలు వేయలేదు. "డబ్బా మొత్తం ఆపిస్తాను. వెనక్కి తెప్పిస్తాను. వాళ్ళకు నేను చెప్తాను. మీరు రేపు పొద్దున్నే నా రూముకు రండి. రాజన్నా, అది పచ్చ ట్రేలోకి ఎట్ల పోయింది?"

"రేపు వచ్చి సెప్తానమ్మా."

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. పుంగనూరు వచ్చింది, పోయింది. పలమనేరులో కండక్టరు దిగి టీ తాగి వచ్చాడు. డబ్బా ఆగింది. ఆ పీసు ఇక ఏ విమానానికీ ఎక్కదు. పెద్ద ప్రమాదం తప్పినట్టే. మిగిలింది ఒక్క మాట. నేనే పెట్టాను అనాలా, గంగులప్ప తీశాడు అనాలా.

నేనే పెట్టాను అంటే ఎవరికీ నష్టం లేనట్టే కనపడుతుంది. గంగులప్ప రేపు కూడా తెర అవతల ఉంటాడు. బతికే ఉండావా అని అడుగుతాడు. కానీ వాళ్ళు తప్పు ఎక్కడ జరిగిందో అక్కడ మరమ్మతు చేస్తారు. ముసలివాడి కళ్ళు చెడ్డాయేమోనని తన కళ్ళు పరీక్షిస్తారు. కళ్ళు బాగానే ఉంటాయి. తెర కింది సందు అట్లాగే ఉంటుంది. ఇంకొక శనివారం ఇంకొక లారీ హారన్ కొడుతుంది. ఇంకొక మాట రెండు రకాలుగా వినపడుతుంది. అప్పుడు చెల్లెలు మాత్రల అట్ట పట్టుకుని రాదు.

సోమవారం పొద్దున గేటు దగ్గర గంగులప్ప ఎదురుచూస్తున్నాడు. రెండు గ్లాసుల టీ పట్టుకుని ఉన్నాడు. ఒకటి ఇచ్చాడు. ఇద్దరూ నిలబడి తాగారు. టీ ఎవరు కొన్నా రెండోవాళ్ళు ఏదో ఒక హాస్యం ఆడటం అలవాటు. ఆ రోజు ఎవరూ ఆడలేదు.

"గుర్తుంది కదన్నా" అన్నాడు గంగులప్ప.

శాలేము రాజు ఖాళీ గ్లాసు ఆయన చేతికిచ్చి లోపలికి పోయాడు.

ప్రసన్నలక్ష్మి కుర్చీ చూపించింది. తలుపు వేసింది. నిన్న అడిగిన ప్రశ్నే అడిగింది.

"తెర కిందనుంచి గంగులప్ప చెయ్యి పెట్టి తీసుకున్నాడు మేడమ్" అన్నాడు శాలేము రాజు. "ఆ ఒక్క రోజే గాదు. చానా నాళ్ళుగా జరుగుతాండాది. మొదట వద్దన్నా. ఆ తర్వాత నేనే ఒప్పుకుంటి. రూలు తప్పింది నేను. వాడు నన్ను అడిగే తీసినాడు, నేను చెప్పిన మాటే వానికి వేరేగా వినపడింది."

మాట ఏమిటో చెప్పాడు. ఆమెదీ ఆ వైపే కాబట్టి విడమరచి చెప్పనక్కరలేకపోయింది. మొహం మీద చిన్న నవ్వు వచ్చి ఆగిపోయింది.

"మా అమ్మ కూడా అట్లనే అంటాది" అంది. తరువాత నిట్టూర్చింది. "రిపోర్టులో ఇద్దరి పేర్లూ పెట్టాల్సొస్తుంది, తెలుసు కదా."

"పెట్టండి."

"మీ సర్టిఫికేట్ ఆపేస్తారు. మళ్ళీ శిక్షణ, మళ్ళీ పరీక్ష. గంగులప్ప విషయం కాంట్రాక్టరు చేతిలో ఉంది. నేను మాట్లాడతాను. మాట ఇవ్వలేను."

"అడగండమ్మా. వానిది నాకన్నా చిన్న తప్పు."

"చిన్న తప్పే. చిన్న ఉద్యోగం కూడా. అదే వచ్చింది చిక్కు."

గంగులప్ప చెప్పినట్టే జరిగింది. మధ్యాహ్నం దాకా కూడా ఉంచలేదు. ప్రసన్నలక్ష్మి కాంట్రాక్టరుకు ఫోను చేసింది. శాలేము రాజు జరిగిందంతా కాగితం మీద రాసి, సంతకం పెట్టి, రూములోంచి బయటికి వచ్చేసరికి కడిగే తొట్టి దగ్గర గొట్టంలోంచి నీళ్ళు సన్నగా కారుతున్నాయి. మనిషి లేడు.

డబ్బా బుధవారం వెనక్కి వచ్చింది. అందులోని పీసులన్నీ కడిగి, మళ్ళీ ముంచి, మళ్ళీ పొడి చల్లారు. చూసింది జెనిఫర్ అనే అమ్మాయి, రెండో షిఫ్టులో చూసే మనిషి. శాలేము రాజును బల్ల పక్కన నిలబడనిచ్చారు, ముట్టుకోనివ్వలేదు. చాలా పీసుల తరువాత రంధ్రం పక్కన ఆ గీత వచ్చింది. ఇదే అన్నాడు. ఆమె తుడిచింది. పొడి చల్లింది. ఇద్దరూ చీకట్లో ఆగారు. గీత తిరిగి రాలేదు. ఇంకోసారి చేసింది. రాలేదు. భూతద్దం కింద పెట్టి చూసింది.

"పైగీరే అంకుల్. ఏదో పనిముట్టు తగిలింది. పగులు లేదు. పీసు మంచిదే."

ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సంతోషం రావాలి. వచ్చింది కూడా. ఎవరికి చెప్పాలో తెలియలేదు.

సాయంత్రం గుడుపల్లె బస్సు ఎక్కి, దిగి, అడుగుతూ నడిచాడు. గంగులప్ప ఇంటి పక్కనే పట్టుపురుగుల షెడ్డు ఉంది. ఆయన షెడ్డు ముందు కూర్చుని మల్బరీ ఆకు తరుగుతున్నాడు. భార్య చౌడమ్మ తట్టలు సర్దుతోంది. కొత్త మనిషిని చూసి కొంగు సవరించుకుంది.

"ఎవురప్పా?"

"శాలేము రాజును తల్లీ. ఫ్యాక్టరీలో..."

"ఓ, తెర లోపలి అన్నా?" ఆమె ఎగాదిగా చూసింది. "ఇంత పొడుగుంటాడని సెప్పనేలేదే ఈయన. నేను ఏందో సిన్న మనిషనుకుంటి. లోపల కూర్సోనే ఉంటాడంటే."

గంగులప్ప తల ఎత్తలేదు. కత్తి ఆకు మీద ఆడుతూనే ఉంది. "కూర్సో" అన్నాడు.

శాలేము రాజు అరుగు మీద కూర్చున్నాడు.

"పీసు మంచిదేనంట కదా. ప్యాకింగువోడు సెప్పినాడు."

"మంచిదే."

"మరి నా పని యాల పోయింది?"

"అది మంచిదని ఈపొద్దు తెలిసింది గంగులప్పా. ఆపొద్దు తెలీదు."

"పీసును మళ్ళీ తుడిసి, పొడి సల్లి, ఆగి సూసినారు." కత్తి ఆగింది. "నన్ను ఆగి సూసేదానికి ఎవురికీ టైము లేకపాయ."

షెడ్డు లోపల పురుగులు ఆకు తింటున్న చప్పుడు సన్నగా వినపడుతోంది.

"నీ పేరు సెప్పుకోనుంటే ఏమైపోయుండేది నీకు?" అన్నాడు గంగులప్ప.

"నాకేం అయ్యేది కాదు. తెర కింద చెయ్యి పెట్టేది మాత్రం ఎవురూ ఆపుండరు. రేపు నీ బదులు ఇంకోడు పెడతాడు."

"నా చెయ్యే సూసినావు, నన్ను సూడలా నువ్వు."

చూశాను, అందామనుకున్నాడు. చీకట్లో ఐదు చుక్కలు వచ్చి పోతుంటే పని సులువుగా జరిగిపోయేది, అందామనుకున్నాడు. "మేడమ్‌ను మళ్ళీ అడిగినా. కాంట్రాక్టరు ఒప్పుకోలేదు" అన్నాడు.

"ఒప్పుకోడు. నాకు తెలుసు. నీకూ తెలుసు." గంగులప్ప తరిగిన ఆకును తట్టలోకి ఎత్తాడు. "నువ్వు సెప్పింది తప్పని నేను అనడంల్యా అన్నా. మా సిన్నది బెంగళూరులో నర్సు. రేపు అది ఎక్కే విమానం తలుపైతే నువ్వు సెప్పకుంటే నేనే నిన్ను కొడతా. అది నాకు అర్తమైతాండాది. అర్తమైతాండేకొద్దీ కోపమొస్తాండాది. ఏం సేసేది?"

చౌడమ్మ రాగిసంగటి, రోట్లో నూరిన చెనిక్కాయల ఊరుమిండి పెట్టిన కంచం తెచ్చి అరుగు మీద పెట్టింది. శాలేము రాజు వద్దన్నాడు. "ఇంటికొచ్చి తినకుండా పోతే ఎట్లప్పా, ఆయనకు కోపముంటే ఆయనతో పెట్టుకో, నా సంగటితో ఏం పేచీ నీకు" అందామె. ఆయన తిన్నాడు. ఆయన తిన్నంతసేపూ గంగులప్ప షెడ్డు లోపల పురుగులకు ఆకు వేస్తూ ఉన్నాడు. బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"కడపటి బస్సు ఉండాది. పో."

"పోతాను."

"మళ్ళీ రావద్దులే అన్నా. వస్తే నాతో మాట్లాడిస్తావు."

శాలేము రాజు చెప్పులు వేసుకుని మట్టిరోడ్డు మీదికి వచ్చాడు. మల్బరీ తోటల మధ్య వెలుతురు తగ్గుతోంది. వెనకనుంచి పిలుస్తాడేమోనని నెమ్మదిగా నడిచాడు. బస్సు దగ్గరికి వచ్చేదాకా నెమ్మదిగానే నడిచాడు.

మరుసటి రోజు పొద్దున ఆయనను స్టోరులో కూర్చోమన్నారు. పరీక్ష అయ్యేదాకా అక్కడే, పెద్దగా పని లేకుండా. ఆయన స్టోరుకు పోలేదు. ప్రసన్నలక్ష్మి రూము ముందు నిలబడి, కాంట్రాక్టరు ఇంకొక మనిషిని పంపేదాకా కడిగే పని తను చేస్తానని చెప్పాడు. దానికి సర్టిఫికేట్ అక్కరలేదు. ఆమె ఆయన మొహం చూసి సరే అంది.

రబ్బరు ఆప్రాను కట్టుకున్నాడు. గ్లవ్స్ ఇచ్చారు. కొద్దిగా పెద్దవి. నూనె తొట్టిలోంచి బ్రాకెట్లు తీశాడు, కారనిచ్చాడు, గొట్టం పట్టి ఒక్కొక్కదాన్నే కడిగాడు. ఓవెన్‌లో ఆరబెట్టాడు. పొడి చల్లాడు. ట్రే పట్టుకుని తెర దగ్గరికి పోయాడు. లోపల ఆ రోజు జెనిఫర్ ఉంది. తెర అంచు నేలకు తగిలేలా కొత్తగా బరువు కుట్టారు. ట్రే బరువు రెండు చేతుల మీదా ఉంచుకుని ఆ అమ్మాయి బయటికి వచ్చేదాకా నిలబడ్డాడు. బతికే ఉండావా అని మాత్రం అడగలేదు.